నా బొమ్మలకు లెక్కలేదు

నా స్టూడియోలో ఎన్ని బొమ్మలున్నాయో నాకు తెలియదు. సిగ్గుపడుతూ చెప్తున్న మాట కాదిది. ముప్పై ఏళ్లు కష్టపడి సంపాదించుకున్న స్థితి. చిక్కడపల్లిలో మేం అద్దెకుంటున్న ఇంటి డాబా మీద, రేకుల షెడ్డులో, కాన్వాసులు గోడకానుకుని ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. అన్నిటికంటే ముందున్నది మాత్రమే నాకు కనపడుతుంది. వెనకవాటిని నమ్ముతాను, దేవుణ్ణి నమ్మినట్టే.

ఈమధ్య కుర్ర చిత్రకారులు కొందరు ప్రతి బొమ్మకూ నంబరు వేసి, ఫొటో తీసి, నిలువు ఇంత, అడ్డం ఇంత, ఆయిలా అక్రిలిక్కా, ఏ ఏడాది వేసింది, ఇప్పుడెక్కడుంది, ఎవరు కొన్నారు అని కంప్యూటర్లో ఎక్కించుకుంటున్నారు. చూస్తే జాలేస్తుంది. చిట్టా ఆవర్జా రాసుకోవడం మా వీధి చివర కిరాణా సేటు పని. దీపావళికి కొత్త ఖాతా పుస్తకానికి కుంకుమ పెట్టి పూజ చేసేది అతనే. కొట్లో అరకిలో కందిపప్పు తగ్గినా అతనికి తెలుస్తుంది. పప్పుకు వెల ఉంది కాబట్టి లెక్క ఉంది. నా బొమ్మలు వెలకట్టలేనివి. ఇక లెక్కెందుకు?

పేర్ల దగ్గరా నాకో పద్ధతుంది. ఒకప్పుడు వరసగా వేసిన పదకొండు బొమ్మలకు ‘నిరీక్షణ’ అనే పెట్టాను. నంబర్లు వేయడానికి అవేమన్నా బస్సులా? ఓసారి గ్యాలరీ నుంచి ఫోనొచ్చింది.

“సార్, మీ ‘నిరీక్షణ’ ఒకరికి నచ్చింది. పంపిస్తారా?”

“ఏ నిరీక్షణ?”

“అదే సార్, కిటికీ దగ్గర ఆడమనిషి.”

“అన్నిట్లోనూ కిటికీ దగ్గర ఆడమనిషే.”

“ఆకుపచ్చ చీర సార్.”

షెడ్డులో ఆకుపచ్చ చీరలు మూడు దొరికాయి. చేతికి అందినదాన్ని పంపాను. ఆయన అడిగింది అది కాదట, ఇంకా చిన్నదట. కొన్నాయన మంచివాడు, గొడవ చేయకుండా పెద్దదే ఉంచుకున్నాడు. డబ్బు మాత్రం చిన్నదానికి మాట్లాడుకున్నంతే ఇచ్చాడు.

నా వాదనకు మన హైదరాబాద్‌లోనే పెద్ద సాక్ష్యం ఉంది. ఒకప్పటి నిజాం దివాను మూడో సాలార్‌జంగ్ గారు 1949లో పోయారు. పెళ్లి లేదు, పిల్లల్లేరు. ఆయన మహలు దివాన్ దేవిడీ నిండా పోగేసిన సామాన్లు. ఎవరో కూర్చుని సర్దారు, 1951 డిసెంబరు 16న నెహ్రూ వచ్చి మ్యూజియం తెరిచారు. ఇప్పుడక్కడ ఉన్నవి 43 వేల పైచిలుకు అంటారు. ఆ మేలిముసుగు రెబెకా శిల్పాన్ని ఇటలీ శిల్పి బెంజోని చెక్కాడనీ, మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీ వెళ్లినప్పుడు కొన్నారనీ ఈ రోజుకీ చెప్పగలుగుతున్నారు. కాబట్టి లెక్క రాయడం పోయినవాళ్ల పని కాదు, ఉన్నవాళ్ల పని. నాకూ ఎవరో ఒకరు రాస్తారు. కాకపోతే ఆయనది దేవిడీ, నాది అద్దె షెడ్డు. నేను పోయిన నెలాఖరుకే ఓనరు టు-లెట్ బోర్డు పెడతాడు. ఆ రాసేవాళ్లెవరో కాస్త త్వరగా రాయాలి.

చట్టం కూడా నా పక్షమే. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం, వేసినవాడు బతికుండగా అతని బొమ్మను కళానిధిగా ప్రకటించడానికి వీల్లేదు. అంటే నాకు ఊపిరి ఉన్నంతకాలం షెడ్డులో ఉన్నవి సామాన్లే. సామాన్లకు రిజిస్టరేమిటి?

కాపీరైట్ చట్టం మాత్రం కొంచెం చిరాకు పెడుతుంది. అందులో 53-ఎ అని ఒక సెక్షనుంది. నేనమ్మిన అసలు బొమ్మను ఎవరైనా పది వేలకు మించి మళ్లీ అమ్ముకుంటే అందులో నాకు వాటా ఉంటుంది, 10 శాతం దాటకుండా. బాగానే ఉంది. కానీ అడగాలంటే ఎవరికి అమ్మానో తెలియాలి. తెలుసు. ఒకాయన, బట్టతల, స్కూటరు మీద వచ్చాడు. ఇంతకంటే వివరం కావాలంటే అది పోలీసు విచారణ అవుతుంది. నేను పోయాక ఇంకో 60 ఏళ్లు కాపీరైటు నా వారసులదట. దేనిమీద హక్కో వాళ్లే తీరిగ్గా వెతుక్కుంటారు, 60 ఏళ్లు టైముంది కదా. ఈలోగా షెడ్డులో చెదలు వరసగా, ఒక్కదాన్నీ వదలకుండా, చాలా పద్ధతిగా చూసుకుంటూ వస్తున్నాయి.

ఇంత చెప్పినా దసరా సెలవులకు బెంగళూరు నుంచి వచ్చిన మా అమ్మాయి వినలేదు. టేపు, మార్కరు, ఫోను పట్టుకుని డాబా ఎక్కింది. నేను సాయం చేయబోయి కాన్వాసు వెనక నంబరు రాస్తుంటే మార్కరు లాక్కుంది. “గుడ్డ మీద కాదు నాన్నా, ఇంకు ముందుకు ఊరుతుంది. ఫ్రేము చెక్క మీద రాయాలి.” నా వృత్తి నాకే నేర్పుతోంది.

రెండో రోజు ఓ కాన్వాసు వెనక పెన్సిలుతో నా చేతిరాత కనపడింది. “నాన్నా, రికార్డు!” అని గెంతింది. నాకూ గర్వంగానే అనిపించింది. వెళ్లి చూస్తే గీతలు, ఐదేసి చొప్పున కట్టలు కట్టి, మొత్తం 28. పక్కన ‘జూన్’. కింద ‘840 ఇచ్చాను.’

నీళ్ల క్యాన్ల లెక్క.

అమ్మాయి ఒక్క నిమిషం ఆలోచించి పిట్టగోడ మీంచి కిందికి వంగి కేకేసింది. “అమ్మా, నీళ్ల క్యాను ముప్పై రూపాయలు ఉన్నప్పుడు మనం ఏ ఇంట్లో ఉన్నాం?”

“ఈ ఇంట్లోనే. నువ్వు టెన్త్ అయిపోయి ఇంట్లో ఉన్నావు.”

బొమ్మకు సంవత్సరం దొరికింది. ఆ తర్వాత నన్నెవరూ ఏమీ అడగలేదు. మా ఆవిడ పైకొచ్చి ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. ఇది నీకు ఆటలమ్మ పోసినప్పుడు, ఇది మీ తాతయ్య పోయిన ఏడాది సంక్రాంతికి, అని చెప్తుంటే అమ్మాయి టకటకా కొట్టుకుంటూ పోయింది. ‘ఆధారం’ అని ఒక గడి పెట్టింది. పై నుంచి కింది దాకా అందులో ఒకటే మాట, అమ్మ. వేసినవాణ్ణి నేను, పక్కనే నిలబడి ఉన్నాను.

‘నిరీక్షణ’లు వచ్చేసరికి ఆవిడ చూడను కూడా చూడలేదు. “అవి గుర్తుండకేం? గంటలకు గంటలు కిటికీ దగ్గర నిలబడింది నేనేగా.” ఏది ఏ చీరో చెప్పింది. ఆకుపచ్చ చీర తనకు ఒక్కటే ఉండేదట, మిగతా రెండూ రంగు మిగిలిందని నేను వేసినవట.

“మొత్తం పదకొండు,” అన్నాను, ఒక్కటైనా నాకు తెలుసని.

“పన్నెండు. నెమలికంఠం చీరది ఏదండీ?”

నెమలికంఠం చీరది ఉందనే నాకు గుర్తులేదు.

“ఏదో ఎగ్జిబిషన్‌కని ఆటోలో పట్టుకెళ్లారు. రసీదు తీసుకోండి అంటే, స్నేహితుల మధ్య రసీదులేమిటన్నారు. వాన పడుతోందని నా కొత్త దుప్పటి చుట్టారు. అదీ రాలేదు.”

అమ్మాయి ఏమీ అనకుండా ఆ వరస కూడా నింపింది. నిరీక్షణ-12. స్థానం: తెలియదు. వెంట ఉన్నవి: దుప్పటి ఒకటి, కొత్తది.