తక్ పట్టీలో నూనె చుక్క

సంక్రాంతి వెళ్లాక మా మామ వనపర్తి వైపు నుంచి అత్తాపూర్‌లో మా ఇంటికొచ్చాడు. పంట అమ్మేసిన మనిషి మొహంలో ఉండాల్సిన కళ లేదు, ఆముదం తాగినట్టుంది. మంచినీళ్లు కూడా తాగకుండా చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా ముందు పెట్టాడు. తక్ పట్టీ, అంటే మార్కెట్ యార్డులో సరుకు అమ్మాక ఇచ్చే లెక్క చీటీ. అల్లుడు పేపర్లకు రాస్తాడు కాబట్టి ఏ కాగితమైనా చదవగలడని ఆయన నమ్మకం.

చదివాను. పల్లికాయ 20 క్వింటాళ్లు. తేమ 8 శాతం ఉండాలి, 11 ఉంది, కోత. మట్టి, తాలు, కోత. సంచి బరువు, కోత. మోసినందుకు హమాలీ, తూచినందుకు దడవాయి, చెరిగినందుకు చాట, ఇంకో మూడు కోతలు. పొలంలో ఒక్కసారే కోశారు గానీ కాగితం మీద ఆరుసార్లు కోశారు. మిల్లుకు పోయే కాయ ఇది. మిల్లువాడు కొనేది నూనె కోసం. ఆ మాటే కాగితంలో ఎక్కడా లేదు.

"నూనె ఎంతుందో రాయలేదేం మామా?"

"అది వాళ్లు చూసుకుంటరు అల్లుడా. మనకెందుకు?"

మొదట నాకూ కోపం వచ్చింది. రెండు రోజులు ఆలోచించాక మన మార్కెట్ యార్డు మీద అపారమైన గౌరవం కలిగింది. ఉన్నదాన్ని చూడకుండా లేనిదాన్ని మాత్రమే లెక్కపెట్టడం సామాన్యులకు సాధ్యమయ్యే పనా? ఇది కాదు, ఇది కాదు అంటూ అన్నిటినీ తీసేస్తూ పోతే చివరికి మిగిలేదే సత్యమని ఉపనిషత్తులు చెప్పాయి. నేతి, నేతి. మా మామకు చివరికి మిగిలిందాన్ని సత్యమనాలో, బస్సు చార్జీ అనాలో నాకింకా తేలలేదు. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో తక్ పట్టీలో నూనె అంతే ఉండటం మాత్రం యాదృచ్ఛికం కాదు.

పరీక్షే చేయరనుకుంటే పొరపాటు. కొనేవాడు కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి అడుగు నుంచి గుప్పెడు తీస్తాడు. నాలుగు కాయలు చిదుపుతాడు. గింజను బొటనవేలితో నలిపి పొట్టు ఊది, నోట్లో వేసుకుని నములుతూ ఒక్క క్షణం రేకుల కప్పు వైపు చూస్తాడు. ఆ క్షణంలోనే ధర తేలిపోతుంది. ఆ వేలికి ఏ ముద్రా అక్కర్లేదు, ఆ పంటికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. 2016లో ఈ-నామ్ అనే ఆన్‌లైన్ జాతీయ మార్కెట్ వచ్చి వేలం కంప్యూటర్‌లోకి ఎక్కింది కానీ, బొటనవేలు ఇంకా ఎక్కలేదు. పరీక్షకు తీసిన గుప్పెడు తిరిగి కుప్పలో పడదు, అది వేరే సంగతి.

పైగా వాళ్లకు తెలియక కాదు. ఫలానా ఊరి కాయకు నూనె బాగా దిగుతుందని, చెరువు కింది కాయకు దిగదని నాకంటే వాళ్లకే బాగా తెలుసు. మిల్లు లోపల నూనె పిండాక మిగిలే చెక్కలో ఎంత నూనె ఉండిపోతోందో దశాంశాలతో సహా చూసుకుంటారు. ఆ తెలివిని రైతు ముందు బయటపెట్టకపోవడం ఒక రకం వినయం.

ఇక లెక్కలంటారా? వద్దనుకుంటూనే వేశాను. క్వింటాలు కాయ ఒలిస్తే 70 కిలోల గింజలు వస్తాయనుకుందాం. గింజలో నూనె 45 శాతం ఉంటే ముప్పై ఒకటిన్నర కిలోలు, 50 శాతం ఉంటే 35 కిలోలు. మామ తెచ్చిన 20 క్వింటాళ్లకు తేడా 70 కిలోలు, అంటే 75 లీటర్లకు పైనే. చెక్కలో పోయేది పోనీ, సగమే దక్కిందనుకున్నా ఒక చిన్న ఇంటికి ఏడాది వంట. ఈ తేడా ఏ గట్టున పుట్టిందో, ఎవరి చెమటకు పుట్టిందో ఎవరికీ పట్టదు. 45 వాడికీ 50 వాడికీ ఒకే ధర. ఇంతటి సమానత్వం రాజ్యాంగంలో కూడా లేదు.

పూత, ఊడలు దిగే సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సం వెయ్యమని వ్యవసాయాధికారి చెప్తాడు. అందులో కాల్షియం గింజ నిండటానికి, గంధకం నూనె పెరగటానికి. మామ బస్తాలు మోసుకొచ్చి వేశాడు. కాయ ముదిరితేనే నూనె పట్టేదని పది రోజులు ఆగాడు కూడా. ఆ పది రోజులకు అడవిపందులు తమ వాటా తాము తీసుకున్నాయి. నన్నడిగితే పందులే నిజాయితీగల కొనుగోలుదారులు. మంచి కాయ ఏదో చూసి మరీ తిన్నాయి.

మా ఇంటికి కూతవేటు దూరంలో రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ ఉంది. ఆముదం, పొద్దుతిరుగుడు, కుసుమ, నువ్వులు, వీటిలో నూనె పెంచడానికే అక్కడ శాస్త్రవేత్తలు బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు. అటు పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఉంది. గుజరాత్‌లోని జునాగఢ్ వేరుశనగ పరిశోధన సంస్థతో కలిసి గిర్నార్ 4, గిర్నార్ 5 అనే వేరుశనగ రకాలు తెచ్చింది. నూనెలో ఒలీయిక్ ఆమ్లం 80 శాతం దాకా ఉంటుంది, త్వరగా ముక్కిపోదు. గింజ పగలగొట్టకుండానే నూనె శాతం చెప్పే యంత్రాలూ ఇప్పుడున్నాయి. గుప్పెడు గింజలు పోస్తే నిమిషాల్లో అంకె. ఇవన్నీ చాలా గొప్ప విషయాలు కాబట్టే వాటిని నగరం దాటనివ్వకుండా భద్రంగా ఉంచారు. యంత్రం యార్డుకు పోతే బొటనవేలు మనసు నొచ్చుకోదా?

పాల సంగతి చూడండి. ఊళ్లో పాల కేంద్రం దగ్గర అర లీటరు పోసే ముసలమ్మకు కూడా వెన్న శాతం చూసి డబ్బులిస్తారు. సాక్స్‌లెట్ అనే జర్మన్ పెద్దాయన 1879లో కొవ్వు కొలిచే గాజు పరికరం కనిపెట్టింది కూడా పాల కోసమే. ఇప్పుడు ప్రపంచమంతా నూనెగింజల ల్యాబుల్లో అదే వాడుతోంది. అర లీటరు పాలకు ఉన్న పరువు 20 క్వింటాళ్ల పల్లికి లేదంటే తప్పు బర్రెది కాదు, పల్లి చెట్టుది. దానికి పాలివ్వడం చేతకాదు మరి.

జైపూర్‌లో ఆవాల ధర చెప్పేటప్పుడు 42 కండిషన్ అంటారు. అంటే 42 శాతం నూనె ఉన్న సరుకుకు ఆ ధర. అక్కడి వాళ్లకు పని లేక ఇలాంటివి పెట్టుకున్నారు. ఇక్కడ అశ్వారావుపేట వైపు పామాయిల్ గెలల ధరలో నూనె శాతం కలిపారు, నిజమే. కానీ అక్కడా ఒకే శాతం కట్టి అందరి గెలలకూ అంటగడతారు. మంచి గెల తెచ్చిన వాడికీ పచ్చి గెల తెచ్చిన వాడికీ ఒకటే అంకె. దారి తప్పబోయి మళ్లీ సమానత్వంలోకే వచ్చారు, సంతోషం.

ఈ పద్ధతి ఒక్క పల్లికాయకే ఎందుకు? నగరమంతా పెట్టాలని నా మనవి. హైటెక్ సిటీలో ఇంజనీరు ఏం కోడ్ రాశాడో చూడకుండా మనిషిని కాంటా మీద నిలబెట్టి జీతం కట్టాలి, టీ తాగిన టైం తేమ కింద తీసెయ్యాలి. 2023లో కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటి పోయింది. ఆ వేలంలో మట్టికి తరుగు తీసినట్టు నేను వినలేదు. అక్కడ అమ్మిందే మట్టి. మామ కాయకు అంటుకున్నది కూడా మట్టే. ఏ మట్టికి ధర పెంచాలో, ఏ మట్టికి తగ్గించాలో తెలిసినవాడే పెద్ద మనిషి.

మామ వచ్చిన రోజు సాయంత్రం ఇంట్లో నూనె అయిపోయిందంటే మామే కిరాణా కొట్టుకు పోయి లీటరు ప్యాకెట్ తెచ్చాడు. పొద్దున్నే పల్లికాయ అమ్మొచ్చిన మనిషి ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. వెనకాల సన్నక్షరాల్లో ఉన్నది చదివించుకున్నాడు.

"910 గ్రాములా? లీటరంటే కిలో కాదా?"

నూనె నీళ్లకంటే తేలిక మామా అని మొదలుపెట్టి, ఊరుకోలేక పాత ముచ్చట కూడా చెప్పాను. కొన్ని కంపెనీలు ప్యాకెట్ మీద 60 డిగ్రీల వేడి దగ్గర లీటరు అని రాసేవి. వేడికి నూనె పొంగి తూకం తగ్గుతుంది. సోయా నూనె 21 డిగ్రీల దగ్గర లీటరు 919 గ్రాములుంటే 60 దగ్గర 893. ఇలా ఉష్ణోగ్రతలు రాయొద్దని కేంద్రం 2022లో చెప్పాల్సొచ్చింది. మన హైదరాబాద్‌లో మే నెలలో కూడా 60 డిగ్రీలు రావు కదా అన్నాను.

మామ అంతా విన్నాడు. జేబులోంచి మళ్లీ తక్ పట్టీ తీసి ప్యాకెట్ పక్కన పెట్టాడు.

"అయితే అల్లుడా, వచ్చేసారి కాయను పెనం మీద పెట్టి తూకమెయ్యమంటవా?"