పత్తి చేనులో పట్టణం

మా ఊరు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా, పత్తి చేను గట్టు మీద ఒక బోర్డు ఉంది. ‘పురపాలక సంఘం మీకు స్వాగతం పలుకుతోంది’. దాని ఇనుప కాళ్లకు చిక్కుడు తీగ పాకింది. నీడలో మేకలు నెమరేస్తుంటాయి. కనుచూపు మేర చేనే. ఇంత మర్యాదగా ఎవరిని పిలుస్తున్నారా అని చాలాకాలం ఆలోచించాను. నాకు తెలిసి ఆ పిలుపు విని వచ్చింది గులాబీ రంగు పురుగు ఒక్కటే.

2018 ఆగస్టులో తెలంగాణలో ఒక్క దెబ్బకు 68 కొత్త మున్సిపాలిటీలు పుట్టాయి. అమరచింత, చండూరు, మరిపెడ, డోర్నకల్ అలా పుట్టినవే. ఆ కాన్పులోనే మేమూ. రాత్రి పల్లెటూరివాళ్లుగా పడుకుని పొద్దున పట్టణవాసులుగా లేచాం. కోళ్లు మాత్రం పాత పద్ధతిలోనే కూశాయి. వాటికి జీవో కాపీ అందలేదు.

ఊరిని పట్టణం చేసేముందు జనాభా, జనసాంద్రత, రాబడి, వ్యవసాయం కాని పనుల్లో ఉన్నవాళ్ల శాతం చూడమని రాజ్యాంగం 243క్యూ అధికరణంలో చెప్పింది. జనగణన వాళ్లు తమంతట తాము ఒక ఊరిని పట్టణం అనాలంటే 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి, ప్రధానంగా పనిచేసే మగవాళ్లలో 75 శాతం సేద్యం కాని పనుల్లో ఉండాలి. మా వార్డులో అలాంటివాళ్లం ముగ్గురం: కిరాణా కొట్టాయన, ఆర్‌ఎంపీ డాక్టరు, నేను. నాది అసలు పనే కాదని మా ఆవిడ వాదన. అయితే జీవో ఉన్న ఊరిని ఈ లెక్కలేవీ అడగరు. ఆరు కిలోమీటర్ల అవతలి తండాను కూడా లాక్కొచ్చి వార్డు చేశారు. చెరువు అలుగు పోస్తే దారి మునుగుతుంది. ఆ నాలుగు రోజులు మాది రెండు దీవుల మహానగరం.

ఆ తండాకు మొదటిసారి చెత్త బండి వెళ్లిన రోజు నేను అక్కడే ఉన్నాను. మైకులో పాట విని ఐస్ బండి అనుకుని పిల్లలు ఉరికొచ్చారు. బండి కుర్రాడు ఒక ముసలావిడ ఇంటి ముందు ఆపాడు.

“అవ్వా, తడి చెత్త ఆకుపచ్చ డబ్బాల, పొడి చెత్త నీలం డబ్బాల వెయ్యాలె.”

“ఏం చెత్త బిడ్డా?”

“కూరగాయల పొట్టు, మిగిలిన అన్నం…”

“అవి బర్రెకేస్త.”

“మరి అట్టలు, కాగితాలు?”

“పొయ్యిల పెడ్త.”

“పేడ?”

“పెంటకుప్పల ఏస్త. ఎండకాలం చేన్లకు తోల్త. ట్రాక్టర్ పెంటకు ఎంత పలుకుతదో ఎరుకేనా? నీకు ఉత్తగ ఎందుకియ్యాలె?”

కుర్రాడి మొహం వాడిపోయింది. ఇంటికో ఫొటో పంపకపోతే వాడి జీతం కోస్తారట. అవ్వకు జాలేసింది. లోపలికెళ్లి బర్రె కోసం పెట్టిన కుడితి బకెట్ తెచ్చి ఆకుపచ్చ డబ్బాలో వంచింది. ఫొటో పడింది. వెంటనే కుర్రాడు ఆ కుడితిని మళ్లీ బకెట్‌లోకి ఒంపాడు. బర్రె మాత్రం ఈ వ్యవహారాన్ని నమ్మలేదు, తండా చివరిదాకా బండి వెంటే నడిచింది. అప్పట్నుంచి బండి వచ్చినప్పుడల్లా అదే కుడితి, అదే ఫొటో. తడి చెత్త సేకరణలో ఆ వార్డు ఏనాడూ వెనకబడలేదు.

సర్పంచ్ ఉన్న రోజుల్లో ఆయన్ను మేమే నేరుగా ఓటేసి గెలిపించేవాళ్లం, ఇంటి ముందు నిలబడి నేరుగానే తిట్టేవాళ్లం. చైర్మన్‌నేమో కౌన్సిలర్లు ఎన్నుకుంటారు. ఎమ్మెల్యేకీ, ఎంపీకీ ఎక్స్ అఫీషియో ఓటు, అంటే పదవి హోదాతో వచ్చే ఓటు. మాకు గ్రామసభ పోయి వార్డు మిగిలింది. 2025 జనవరిలో పాలకవర్గం గడువు కూడా ముగిసి ప్రత్యేకాధికారి వచ్చాక, కొంతకాలం తిట్లకు చిరునామాయే లేకుండా పోయింది.

ఇంతవరకూ నవ్వుతూనే చెప్పాను. ఆ అవ్వ జాబ్ కార్డు సంగతికి వచ్చేసరికి నవ్వు రావడం లేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామీణ ప్రాంతం కోసం వచ్చింది. మున్సిపాలిటీ గీత లోపల పడేసరికి, అది ఇచ్చిన 100 రోజుల పని పోయింది. ఆమెకు సెంటు భూమి లేదు, పెనిమిటి లేడు. మట్టి తవ్వి తట్టలు మోసిన చెయ్యి. ఆమెను ఎవరూ అడగలేదు. ఎవడో మ్యాపు మీద గీత గీశాడు, ఆమె కార్డు చిత్తుకాగితం అయింది. వాగు అవతలి తండాను అదే ఏడాది కొత్త గ్రామపంచాయతీ చేశారు. వాళ్లకు పని ఉంది. ఇవతల గట్టు మీద నిలబడితే వాళ్ల గడ్డపారల చప్పుడు వినిపిస్తుంది. ఎండ అదే, ఆకలి అదే. మరి ఈమెకేం తక్కువైంది? ఏమీ కాదు, ఈమె పట్టణ మహిళ! ఎక్కడ చేసుకోవాలయ్యా పని? మా ఊళ్లో లేని ఫ్యాక్టరీలోనా, రాని మాల్‌లోనా? పేదరాలి నోటికాడి కూడు లాక్కుని, దానికి అభివృద్ధి అని పేరు పెట్టి, రిబ్బన్ కత్తిరించడానికి సిగ్గుండాలి.

కార్డు ఏం చేశావని మొన్న అడిగాను. పొయ్యిల పెట్టిందట. పొడి చెత్త కదా.

పత్తి తీసే రోజుల్లో అవ్వ, ఇంకో పదిమంది ఆడవాళ్లు తెల్లారకముందే సద్దిగిన్నెలతో ఆటో ఎక్కి పక్క మండలం పల్లెలకు కూలికి పోతారు. మా పట్టణం పొలిమేర దాటేటప్పుడు ఆటో లైటు ఆ బోర్డు వెనక వైపు పడుతుంది. అక్కడ కూడా రాశారు: ‘ధన్యవాదాలు. మళ్లీ రండి’.