ఆ పదహారేళ్లు ఎవరి లెక్కలో?

ఒక టోర్నీలో జట్టు ఓడితే శిక్షకుడిని మార్చేయాలనే యాజమాన్యాలు విజయవాడకు, గుంటూరుకు కొత్త కాదు. గెలుపు కావాలి, అదీ ఈ సీజనులోనే కావాలి. అలాంటివారు అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్‌లో యూసీఎల్‌ఏ జట్టు చరిత్రను ఒకసారి తిరగేయడం మంచిది. లాస్‌ ఏంజెలెస్‌లోని ఆ విశ్వవిద్యాలయం 1964 నుంచి 1975 వరకు పన్నెండేళ్లలో పది జాతీయ టైటిళ్లు గెలిచింది. అందులో ఏడు వరుసగా వచ్చినవే. ఓడినవారు ఇంటిదారి పట్టే నాకౌట్‌ పోటీల్లో ఏడాది కష్టం ఒక్క రాత్రిలో మట్టిపాలు కావచ్చు. అలాంటిచోట వరుసగా 38 మ్యాచ్‌లు నెగ్గింది.

ఈ అంకెలు అందరి నోటా వినిపిస్తాయి. శిక్షకుడు జాన్‌ వుడెన్‌ అక్కడ చేరింది 1948లో అన్న సంగతి మాత్రం అంతగా వినపడదు. తొలి టైటిల్‌ వచ్చింది ఆయన పదహారో సీజనులో! అన్నాళ్లూ సాధన సాగింది ఒక పాత భవనం మూడో అంతస్తులో. ఒక పక్క జిమ్నాస్టులు, మరో పక్క కుస్తీపట్లు, మధ్యలో వీళ్లు. సాధనకు ముందు వుడెనే స్వయంగా నేల తుడిచేవారు. సొంత స్టేడియం తలుపులు తెరుచుకునేసరికి 1965 వచ్చింది, అప్పటికే రెండు టైటిళ్లు చేతికందాయి. ఏటా తొలిరోజు ఆయన ఆటగాళ్లకు నేర్పింది మేజోళ్లు తొడుక్కోవడం. మడమ దగ్గరో, వేళ్ల దగ్గరో ముడత మిగిలితే బొబ్బ లేస్తుంది, బొబ్బ లేస్తే ఆటగాడు పక్కన కూర్చుంటాడు. ఏడడుగుల ఆజానుబాహువులు కూడా బుద్ధిగా కూర్చుని నేర్చుకున్నారు.

కాలం కూడా కలిసొచ్చింది, కాదనలేం. ఒక్కో ప్రాంతీయ లీగ్‌ నుంచి విజేతకు మాత్రమే జాతీయ టోర్నీలో చోటుండేది. తక్కిన చోట్ల రెండో స్థానంలో నిలిచిన గట్టి జట్లు ఇంట్లోనే ఉండిపోయేవి. తరువాత కరీం అబ్దుల్‌ జబ్బార్‌గా పేరు మార్చుకున్న లూ అల్సిండర్‌ వంటి ఆటగాడు దొరకడం మరో అదృష్టం. మొదటి సంవత్సరం విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడకూడదన్న నిబంధన ఉన్న రోజులవి. అతనున్న కొత్త కుర్రాళ్ల జట్టు 1965లో అప్పటి జాతీయ విజేతలైన సొంత సీనియర్లనే 75–60తో ఓడించింది.

పతనం ఒక్కసారిగా రాలేదు. 1974 జనవరి 19న నోటర్‌డేమ్‌ విశ్వవిద్యాలయ జట్టుపై మూడున్నర నిమిషాల ఆట మిగిలి ఉండగా 70–59తో ఆధిక్యంలో ఉన్నారు. ఆ తరువాత ఒక్క పాయింటూ రాలేదు, ప్రత్యర్థి వరుసగా పన్నెండు సాధించాడు. 88 విజయాల పరంపరకు అక్కడ తెరపడింది. రెండు నెలలకు జాతీయ సెమీఫైనల్లో నార్త్‌ కరోలినా స్టేట్‌ చేతిలో రెండుసార్లు అదనపు సమయం ఆడి 80–77తో ఓడిపోయారు. అదే జట్టును ఆ సీజను మొదట్లో చిత్తుగా ఓడించినవారే!

మరుసటి ఏడాది పదో టైటిల్‌తో వుడెన్‌ విరమించారు. ఆ గెలుపు తరువాత ఒక అభిమాని వచ్చి, నిరుడు మమ్మల్ని నిరాశపరిచిన దానికి ఇది సరిపోయిందన్నాడని ఆయనే తరువాత చెప్పుకొన్నారు. పది టైటిళ్లు తెచ్చిన మనిషికి దక్కిన మెప్పు ఇది. ఇక వారసుడు జీన్‌ బార్టో సంగతి చెప్పాలా? రెండేళ్లలో 52 విజయాలు, తొమ్మిది ఓటములు. గెలుపు శాతం చూస్తే అక్కడ వుడెన్‌ సాధించిన దానికంటే ఎక్కువే. అయినా విమర్శలు తట్టుకోలేక వెళ్లిపోయారు. తరువాత శిక్షకులు వరుసగా మారారు. ఒక సంపన్న అభిమాని ఆటగాళ్లకు అక్రమంగా చేసిన సాయాలు బయటపడి 1981లో శిక్ష కూడా పడింది. 1975 తరువాత పురుషుల జట్టుకు దక్కిన టైటిల్‌ ఒక్కటే, 1995లో. టోర్నీ విస్తరించి ఎదుటివారు బలపడ్డారన్నది నిజమే. పాత శిఖరాన్ని చూపించి కొత్తవారిని కొలిచే అలవాటు చేసిన చేటు కూడా తక్కువది కాదు.

మన దగ్గర శిఖరమే లేదు, కొలిచే కర్ర మాత్రం సిద్ధంగా ఉంది. బెజవాడలో కోర్టులున్నాయి, వేసవిలో శిబిరాలకు పిల్లలూ వస్తారు. పదో తరగతి పూర్తికాగానే, సరిగ్గా ఎత్తు పెరిగే వయసులో, ఇంటర్‌ కళాశాల గేటు మూసుకుంటుంది. హోర్డింగుపై ర్యాంకుకు ఉన్న చోటు బంతికి లేదు. ఇలాంటి చోట పదహారేళ్లు కాదు, రెండేళ్లయినా ఒక జట్టు కలిసి ఆడేదెలా?

శిక్షకుల్ని సీజను లెక్కన కాకుండా కనీసం ఐదేళ్లకు నియమించాలి. ఇంటర్‌ విద్యార్థులకు సాయంత్రం ఒక గంట మైదానం దక్కాలి, అది కాగితం మీది గంట కాకూడదు. వేసవి శిబిరాలు ముగిశాక జూన్‌లో ఆ పిల్లలు ఎక్కడ, ఎవరి దగ్గర ఆడాలో నగరపాలక సంస్థ, క్రీడా శాఖ శిబిరాలు మొదలుపెట్టేటప్పుడే ప్రకటించాలి.