నేరస్థలానికి కిట్ చాలు, చదువు అక్కర్లేదనే వాదన నిలవదు

ఫోరెన్సిక్ సైన్స్‌లో ఎం.ఎస్సీ. చేయడం దండగ అని చెప్పే సందేశమొకటి చాలామంది విద్యార్థులకు చేరింది. అసలు పని ల్యాబ్‌లో యంత్రాలే చేస్తాయని, నేరస్థలంలో కిట్ (సేకరణ సామగ్రి పెట్టె) వాడి వస్తువులను కవర్లలో వేయడం కానిస్టేబుల్‌కు కొద్ది రోజుల్లో నేర్పవచ్చని, డిగ్రీ ఉన్నవారికి నేరస్థలంలో చట్టం ఏ స్థానమూ ఇవ్వలేదని దాని సారాంశం.

మొదటి మాటే అన్నిటికంటే ప్రమాదకరమైనది. యంత్రం తన దగ్గరకు వచ్చిన నమూనా గురించి మాత్రమే చెప్పగలదు. రక్తంతో తడిసిన చొక్కాను ఆరనివ్వకుండా ప్లాస్టిక్ కవర్‌లో కట్టేస్తే ఆ తేమలో బ్యాక్టీరియా, బూజు పెరిగి డీఎన్ఏ దెబ్బతింటుంది. అందుకే దాన్ని నీడలో ఆరబెట్టి కాగితపు కవర్‌లో పెట్టాలి. కిరోసిన్ పోసి తగలబెట్టారన్న అనుమానం ఉన్న గుడ్డ విషయంలో పద్ధతి ఇందుకు పూర్తిగా భిన్నం: ఆరబెడితే ఆనవాలు ఆవిరైపోతుంది కాబట్టి గాలి చొరబడని డబ్బాలో వెంటనే మూసివేయాలి. మరి ఒకే గుడ్డపై రక్తమూ కిరోసినూ రెండూ ఉంటే ఏది ముందు కాపాడాలి? ఈ నిర్ణయం కిట్‌తో ఇచ్చే సూచనల కాగితంలో దొరకదు. ఏ సాక్ష్యం ఎంత వేగంగా, ఎందుకు నశిస్తుందో తెలిసినవారే అక్కడికక్కడ తీసుకోవాలి, తర్వాత దానికి కోర్టులో కారణం చెప్పాలి.

చట్టం గురించిన మాట వాస్తవానికి విరుద్ధం. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర దర్యాప్తు, విచారణ పద్ధతులను నిర్దేశించే చట్టం) సెక్షన్ 176(3) ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడగల నేరాల్లో స్టేషన్ అధికారి ఫోరెన్సిక్ నిపుణుణ్ని స్థలానికి రప్పించి సాక్ష్యాలు సేకరింపజేయాలి, ఆ ప్రక్రియను వీడియో తీయించాలి. ఇది ఎప్పటి నుంచి తప్పనిసరి అనేది ఐదేళ్లలోగా రాష్ట్ర ప్రభుత్వాలు నోటిఫై చేయాలి. దర్యాప్తు అధికారి పోలీసే, అందులో మార్పు లేదు.

కానిస్టేబుల్ శిక్షణ అవసరమే, నిజానికి అత్యవసరం. మొదట చేరేది, జనాన్ని దూరంగా ఉంచేది ఆయనే. అయితే అది స్థలాన్ని కాపాడే శిక్షణ, స్థలాన్ని చదివే శిక్షణ కాదు. మరక పక్కనే మరకలేని చోటు నుంచి కంట్రోల్ నమూనా (పోల్చి చూసేందుకు తీసేది) ఎందుకు తీయాలో, వేలిముద్రల పౌడర్ బ్రష్ ఒక వస్తువు మీది డీఎన్ఏను మరోదానికి ఎలా మోసుకుపోగలదో తెలియకుండా చేసిన సేకరణ కోర్టులో ఎదుటి పక్షం లాయరు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలవడం కష్టం. 2025 జులైలో సుప్రీంకోర్టు తమిళనాడుకు చెందిన ఒక మరణశిక్ష కేసులో నిందితుణ్ని నిర్దోషిగా విడుదల చేస్తూ, డీఎన్ఏ నమూనాలు 48 గంటల్లో ల్యాబ్‌కు చేరాలని, చేతులు మారిన ప్రతిసారీ రిజిస్టర్‌లో నమోదు కావాలని దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. సేకరణలో, భద్రపరచడంలో జరిగే లోపాన్ని ఏ యంత్రమూ సరిదిద్దలేదు.

ఆ సందేశంలో ఒక్క అంశం మాత్రం ఒప్పుకోదగినది: పుస్తకాలతోనే ముగిసే పీజీ నేరస్థలంలో అక్కరకు రాదు. కాబట్టి చేరబోయే విద్యార్థులు ఫీజు కట్టేముందు కాలేజీని నేరుగా అడగాలి. నమూనా నేరస్థలాలు ఏర్పాటు చేసి స్కెచ్, ఫొటో, ప్యాకింగ్, నివేదిక వరకు విద్యార్థుల చేతనే చేయిస్తారా, మాక్ కోర్టులో ప్రశ్నిస్తారా, క్లూస్ టీమ్‌తో (నేరస్థలంలో ఆధారాలు సేకరించే పోలీసు బృందంతో) గానీ ఎఫ్.ఎస్.ఎల్.లో (ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబ్‌లో) గానీ కొన్ని వారాలు పనిచేసే అవకాశం ఉందా అన్నవి ఆ ప్రశ్నలు.