కందిరీగ వేషం వేసిన ఈగకి పేరు పెట్టడమంటే మాటలు కాదు

ఉష్ణమండల అడవుల్లో ఎక్కడో అచ్చం కందిరీగలా ఉండే కొత్త ఈగ జాతి బయటపడిందని అప్పుడప్పుడూ వార్త వస్తుంది. ఫొటో బాగుంటుంది, పేరు వింతగా ఉంటుంది, జనం షేర్ చేసి మర్చిపోతారు. ఆ ఈగ కొత్తదని ఎలా తేల్చారో మాత్రం ఎవరూ రాయరు. అసలు కష్టమంతా అక్కడే ఉంది. ఆ కష్టం పడేవాళ్లు మన దగ్గర చాలా తక్కువ కాబట్టే, గోదావరి డెల్టాలో ఇలాంటి ఈగలు తిరుగుతున్నా వాటి ఊసు ఎవరూ ఎత్తరని నా గట్టి నమ్మకం.

ఇవి సిర్ఫిడ్ కుటుంబం ఈగలు. రైతులకి ఈ పేరు కొత్త కాదు, మిత్ర పురుగుల గురించి చెప్పేటప్పుడు అక్షింతల పురుగు తర్వాత దీని పేరే వస్తుంది. గాల్లో ఒకేచోట నిలబడి, చటుక్కున పక్కకి జరిగి, మళ్లీ నిలబడుతుంది. సార్వా వరి కోశాక వేసిన మినుము చేలో పేనుబంక పట్టిన కొమ్మ విరిచి చూడండి, ఆ గుంపు మధ్యలో కాళ్లు లేని పచ్చటి పిల్లపురుగు ఒకటి మెల్లగా పాకుతూ, పేనుని నోటితో పైకెత్తి, రసం పీల్చి, తొక్కు పడేస్తూ కనిపించొచ్చు. అది ఈ కుటుంబం పిల్లే. ప్రపంచం మొత్తం మీద ఇప్పటికి 6,000కి పైగా సిర్ఫిడ్ జాతులకి పేర్లున్నాయి.

వీటిలో కందిరీగల్ని దింపేసే రకాలు వేరు. సెరియానా, మోనోసెరోమియా ప్రజాతుల ఈగల్ని భూతద్దం కింద చూస్తే మతిపోతుంది. మామూలు ఈగ మీసాలు కురచగా, ఉన్నాయో లేవో అన్నట్టుంటాయి. వీటికి మాత్రం పొడుగాటి మీసాలు, మోనోసెరోమియాలో అయితే నుదుటి నుంచి ముందుకి పొడుచుకొచ్చిన కాడ కొసన ఉంటాయి. దాని నడుము కందిరీగ నడుములాగే సన్నం. రెక్క ముందంచు ముదురు గోధుమరంగులో ఉండి, కందిరీగ తన రెక్కని పొడవునా మడిచిపెట్టినట్టే కనిపిస్తుంది. రెక్కలు లెక్కపెడితే గానీ గుట్టు బయటపడదు. కందిరీగకి నాలుగు, దీనికి రెండే. వెనక జత ఉండాల్సిన చోట చివర చిన్న గుండు ఉన్న కాడల్లాంటివి ఉంటాయి, వాటిని హాల్టేర్లు అంటారు. రెక్క మధ్యలో ఏ నరంతోనూ కలవకుండా ఆగిపోయే దొంగ నరం ఒకటి ఉంటుంది, సిర్ఫిడ్ కుటుంబానికి ముఖ్యమైన ఆనవాలు అదే. ముల్లు లేదు, విషం లేదు. అయినా పట్టుకుంటే కొన్ని రకాలు పొట్ట కొసని వేలికి నొక్కి కుట్టబోయినట్టు నటిస్తాయి!

1848లో అమెజాన్ వెళ్లి పదకొండేళ్లు అక్కడే ఉండిపోయిన ఇంగ్లండ్ ప్రకృతి శాస్త్రవేత్త హెన్రీ వాల్టర్ బేట్స్ ఈ రకం అనుకరణని సీతాకోకచిలుకల్లో గమనించి 1862లో వివరించాడు, అందుకే దీన్ని బేట్సియన్ మిమిక్రీ అంటారు. ఒకసారి కందిరీగతో కుట్టించుకున్న పిట్ట ఆ రంగుల జోలికి మళ్లీ రాదు, దాంతో ఈగ బతికిపోతుంది. సిర్ఫిడ్‌లలో పెద్ద సైజువే ఎక్కువ కచ్చితంగా అనుకరిస్తాయని 2012లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. చిన్న ఈగ తిన్నా పిట్టకి కడుపు నిండదు కదా, దాని కోసం రిస్కు తీసుకోదు, అందుకని చిన్నవాటికి వేషం అంత పక్కాగా ఉండాల్సిన పని లేదు అన్నది వాళ్లు చెప్పిన కారణం.

పిట్టని మోసం చేసేది మనిషిని వదులుతుందా? పురుగుల వల పట్టుకున్న డిగ్రీ విద్యార్థి కందిరీగ అనుకుని భయంతో వదిలేస్తాడు, ధైర్యం చేసి పట్టినా కందిరీగల పెట్టెలోనే పిన్ను గుచ్చి పెడతాడు. అక్కడితో ఆ ఈగ కథ సరి.

సరే, అదృష్టం బాగుండి ఈగేనని ఎవరో గుర్తుపట్టారు అనుకుందాం. కొత్త జాతి అనాలంటే ముందు పాతవాటిలో ఏదీ కాదని తేల్చాలి. మన దేశపు సిర్ఫిడ్‌ల గురించి ఇప్పటికీ తిరగెయ్యాల్సిన పుస్తకం ఎన్రికో బ్రునెట్టి 1923లో రాసిన ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా (ఇక్కడి జంతువుల గురించిన పుస్తకాల వరస) సంపుటం, అంటే వందేళ్లు దాటిన పుస్తకం. అందులో వర్ణన చదివితే సరిపోదు, ఆ వర్ణనకి ఆధారమైన అసలు నమూనా చూడాలి, అది కోల్‌కతాలోనో లండన్‌లోనో ఉంటుంది. మగ ఈగ పొట్ట కొసని కాస్టిక్ పొటాష్‌లో నానబెట్టి, విప్పి, జననాంగాల ఆకారం బొమ్మ గీయాలి, ఎందుకంటే పైకి ఒకేలా ఉన్న రెండు జాతులు చాలాసార్లు అక్కడే తేడా పడతాయి. జాతిని గుర్తుపట్టడానికి వాడే చిన్న డీఎన్ఏ ముక్కని చదివితే, అంటే డీఎన్ఏ బార్‌కోడ్ తీస్తే, ఇంకా బలం. ఒక నమూనాని హోలోటైప్‌గా, అంటే ఆ జాతి పేరుకి ఆధారంగా నిలిచే ఒకే ఒక్క నమూనాగా ప్రకటించి మ్యూజియంలో పెట్టాలి. ఇంతా అయ్యాక పేరు. మొదటి నమూనా పట్టినప్పటి నుంచి దాని వర్ణన అచ్చయ్యే దాకా సగటున 21 ఏళ్లు పడుతోందని 2012లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. అన్నేళ్లూ అది అరలో, పెట్టెలో ఉంటుందన్నమాట.

ఇప్పుడు మంచి కెమెరాలొచ్చాయి కదా, ఫొటో చాలదా అని కొందరంటారు. 2015లో దక్షిణాఫ్రికాలో తుమ్మెదని అనుకరించే ఒక ఈగకి చచ్చిన నమూనా లేకుండా ఫొటోల ఆధారంగానే పేరు పెట్టారు, దాని మీద శాస్త్రవేత్తల మధ్య పెద్ద గొడవే జరిగింది. నేను ఫొటోకి వ్యతిరేకిని కాను, వెతకడానికి అంతకంటే మంచి సాయం లేదు. కానీ పైకి కనిపించేదే వేషం అయినప్పుడు పై రూపం ఒక్కటే చూసి జాతి తేల్చడం నాకు సమ్మతం కాదు.

ఇక డెల్టా. కొత్త జాతి అంటే అందరి చూపూ పశ్చిమ కనుమల మీదికే పోతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి దున్నుతున్న నేలలో కొత్తగా ఏముంటుందన్న ధీమా. కోరింగ మడ అడవులకి వెళ్లేవాళ్లు పక్షుల కోసమో బావురుపిల్లి కోసమో వెళ్తారు, మడ పూల మీద వాలే ఈగల్ని ఎవరు చూస్తారు? సెరియానా బంధువుల పిల్లపురుగులు చెట్టు తొర్రల్లో కుళ్లిన చెక్క మధ్య, బెరడు నుంచి కారే రసంలో పెరుగుతాయి. అంటే కాలవ గట్ల మీది ముసలి చెట్లు, పాత మామిడి తోటలు. రోడ్డు వెడల్పు పేరుతో మనం ముందు కొట్టేసేది వాటినే. కడియం నర్సరీలకి వచ్చిపోయే మొక్కల వెంట ఎక్కడెక్కడి పురుగులో రావచ్చు, అందుకని ఇక్కడ కనిపించిందల్లా ఇక్కడిదే అనడానికీ లేదు. పోల్చి చూసే మనిషి కావాలి.

ఆ మనిషిని మనం తయారు చేసుకోవట్లేదు. వర్ణన పేపరుని తర్వాత ఉటంకించేవాళ్లు తక్కువ, దాంతో లెక్చరర్‌కి ప్రమోషన్ లెక్కల్లో అది పెద్దగా పనికిరాదు. ఇది మారాలి. కొత్త జాతి దొరికితే నమూనాని గుర్తింపు పొందిన సంస్థలో జమ చేయాలని 2002 జీవవైవిధ్య చట్టం చెబుతోంది, జమ చేసేంత పని చేసేవాళ్లకి గుర్తింపు కూడా ఇవ్వాలి కదా. కాకినాడ, అమలాపురం, భీమవరం కాలేజీల జువాలజీ వాళ్లు ల్యాబ్‌లో ఉన్న కందిరీగల పెట్టెలు దించి, ఒక్కొక్కదానికీ రెక్కలు లెక్కపెట్టడంతో మొదలుపెట్టొచ్చు. రెండే రెక్కలున్నవి వేరే పెట్టెలోకి. కొత్తగా పట్టే ప్రతిదాని కింద ఊరు, తేదీ, ఏ పువ్వు మీద వాలింది, పక్కన ఏ కందిరీగ తిరుగుతోంది అన్నది లేబుల్ మీద రాసి గుచ్చాలి, ఎందుకంటే ఊరూ తేదీ లేని నమూనా చేతికిస్తే ఏ నిపుణుడూ దాన్ని హోలోటైప్ చేయడానికి ఒప్పుకోడు.