మా పాత లాప్‌టాప్ తెనాలి ప్రయాణం

మా ఇంట్లో ఏ వస్తువూ చెడిపోదు. ‘కాస్త ఇబ్బంది పెడుతోంది’, అంతే. అటక మీద మిక్సీ ఇబ్బంది పెడుతోంది, మంచం కింద టేబుల్ ఫ్యాను ఇబ్బంది పెడుతోంది. తీరిక దొరికిన రోజు అన్నిటినీ బాగుచేస్తానని మా ఆయన ఇచ్చిన మాట మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

మా అబ్బాయి బీటెక్‌లో చేరినప్పుడు, 2012లో కొన్న లాప్‌టాప్ కూడా ఆ బాపతే. వాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ దాన్ని వాళ్ల నాన్నకి అప్పగించి వెళ్లాడు. అప్పట్నుంచీ కరెంటు బిల్లులు, రైలు టిక్కెట్లు, మా మామగారి పద్యాలు అన్నీ దాంట్లోనే. బ్యాటరీ ఏనాడో పోయింది. చార్జర్ తగిలించి ఉంచినంతసేపే ప్రాణం. ఆ చార్జర్ పిన్ను కూడా ఊరికే దోపితే పని చెయ్యదు. కాస్త ఎడమకి వంచి, ఇసుమంత పైకెత్తాలి. ఆ ఎత్తు కోసం కింద అగ్గిపెట్టె, వంపు నిలవడానికి రబ్బరు బ్యాండు, వైరు జారకుండా దాని మీద మా సన్నికల్లు పొత్రం. ఇంత అలంకారం అయ్యాక మీట నొక్కితే, విండోస్ తెర మీదికి వచ్చేలోపు కుక్కర్ కూతలన్నీ అయిపోయి పప్పు మెదుపుకోవచ్చు.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేశారు కదా. ఇక భద్రతా అప్‌డేట్లు రావని అది తెరిచినప్పుడల్లా హెచ్చరించడం మొదలుపెట్టింది. పోనీ 11 వేద్దామంటే, దానికి టీపీఎం 2.0 అనే చిప్పు ఉండాలిట, ఇంటెల్ ప్రాసెసరైతే కనీసం ఎనిమిదో తరందై ఉండాలిట. మాది మూడో తరం. “దీనికి అర్హత లేదు” అని కంప్యూటరే మొహం మీద చెప్పేసింది.

సరిగ్గా అప్పుడే తెనాలి నుంచి మా ఆడపడుచు ఫోన్. “వదినా, మావాడు డిగ్రీలో చేరాడుగా, ప్రాజెక్టులంటున్నాడు. మీ ఇంట్లో ఆ పాత లాప్‌టాప్ ఖాళీగానే ఉందన్నాడు అన్నయ్య...”

ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. అందులో ఉన్నవన్నీ తుడిచి, కొత్తగా ఏదైనా సిస్టమ్ వేసి ఇవ్వాలి, అంతే. మా గుంటూరు అరండల్‌పేటలో ఓ షాపతను అయిదొందలు ఇస్తే సాయంత్రానికల్లా చేసిపెడతానన్నాడు. మా ఆయన ససేమిరా అన్నారు. “మన బ్యాంకు వివరాలు, ఫోటోలు, బతుకంతా అందులో ఉంటే ఎవడి చేతిలోనో పెడతామా?” అని నన్ను కోప్పడ్డారు కూడా. అయిదొందల కోసం ఇంత పెద్ద ఉపన్యాసమా అనుకున్నాను. మా పై వాటాలో బీటెక్ చదివే కుర్రాడున్నాడు, పైసా తీసుకోకుండా చేస్తాడు, పిలవనా అన్నాను. దానికీ ఒప్పుకోలేదు. గది తలుపు దగ్గరగా వేసుకుని మరీ పనిలోకి దిగారు. ఈ చివరి ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

ముందు ఉన్నవన్నీ అబ్బాయి వదిలేసిన హార్డ్ డిస్కులోకి ఎక్కించాలి. అసలు ఏది ఎక్కడుందో తెలిస్తే కదా. న్యూ ఫోల్డర్ 4 తెరిస్తే అందులో న్యూ ఫోల్డర్ 14. బ్రాడీపేటలో ఉంటున్నందుకు మా చిరునామా పద్ధతిలోనే సర్దుకున్నారన్నమాట, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. మా అబ్బాయి వైపు ‘రెజ్యూమ్ ఫైనల్’, ‘రెజ్యూమ్ ఫైనల్ లాస్ట్’, ‘రెజ్యూమ్ లాస్ట్ నిజంగా’. గృహప్రవేశం ఫోటోల్లో సగం మా సీలింగ్ ఫ్యానువి. కెమెరా చిన్నపిల్లల చేతికిస్తే అంతే.

మామగారు హాల్లోంచి కేకేశారు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. పదేళ్లుగా ఓ శతకం రాస్తున్నారు. “ఒరే, నా శతకం జాగ్రత్త చేశావా?”

“తీశాను నాన్నా, అదే మొదట తీశాను.”

నిజంగానే అదే మొదట తీశారు. తెర మీద కనిపిస్తున్న ‘శతకం’ బొమ్మని పట్టుకుని హార్డ్ డిస్కులోకి లాగారు. కన్నుమూసి తెరిచేలోపు వెళ్లిపోయింది. పదేళ్ల కవిత్వం అంత తేలిగ్గా ఎలా వెళ్లిందని ఆయన అనుమానపడలేదు, నేనూ అటు చూడలేదు.

ఇక కొత్త సిస్టమ్. లైనక్స్ మింట్ అని ఉంటుంది, ఉచితం, పాత యంత్రాల మీద తేలిగ్గా నడుస్తుంది అని యూట్యూబ్‌లో చూశారు. అది దాదాపు మూడు జీబీ. డౌన్‌లోడ్ చేసి, రూఫస్ అనే ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ఎక్కించేముందు ఆ ప్రోగ్రాం ఎంతో మర్యాదగా అడుగుతుంది, ఇందులో ఉన్నవన్నీ నాశనమవుతాయి, సరేనా అని. మా ఆయన సరే అన్నారు. ఆ పెన్‌డ్రైవ్ కారులోది. అందులో ఉన్నవి నా పాటలు. తర్వాత మంగళగిరి వెళ్లేటప్పుడు కారులో పాటలు పెట్టమంటే, “ఊరికే కబుర్లు చెప్పుకుంటూ వెళ్దాంలే” అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ కోరిక ఎన్నడూ కోరని మనిషి!

పెన్‌డ్రైవ్ పెట్టగానే సరిపోదు. యంత్రం మొదలయ్యేటప్పుడు, కంపెనీ పేరు తెర మీద కనిపించీ కనిపించగానే ఎఫ్12 మీట నొక్కాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే మామూలుగా విండోస్‌లోకి వెళ్లిపోతుంది, మళ్లీ మొదటికి. మా ఎఫ్12 మీట ఎప్పుడో ఊడిపోయింది. దాని కింద ఉండే చిన్న రబ్బరు బుడిపె మిగిలింది. దాన్ని పెన్సిలు వెనక వైపుతో పొడవాలి. ఒక చేత్తో పెన్సిలు, ఇంకో చేత్తో చార్జర్ వైరు పట్టుకుంటే పవర్ మీట నొక్కడానికి మూడో చెయ్యి కావాలి కాబట్టి నన్ను పిలిచారు.

“నేను చెప్పగానే నొక్కు. ఊఁ... ఇప్పుడు! అబ్బా, అంత మెల్లగానా?”

“నొక్కమన్నారు, నొక్కాను. పొడవాల్సింది మీరు.”

పెన్సిలు జారి పక్కనున్న డిలీట్ మీద పడింది, ఇంకోసారి ఎఫ్2కి తగిలింది. ఎఫ్2తో నీలం తెర ఒకటొచ్చింది. అందులో తేదీ 2012 జనవరి 1. లోపలుండే నాణెమంత బ్యాటరీ అయిపోతే గడియారం మొదటికి పోతుందిట. మామగారు కర్ర పోటేసుకుంటూ వచ్చి కళ్లజోడు సవరించుకుని చూశారు. “2012 అయితే నేనింకా కర్ర లేకుండా నడుస్తుండాలే” అని వెళ్లిపోయారు. ఆ తేదీతో ఒక్క వెబ్‌సైటూ తెరుచుకోలేదు. వాటి సర్టిఫికెట్లన్నీ దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు మరి. వాచీల షాపులో సీఆర్2032 అడిగితే ఇచ్చారు.

చివరికి ఇన్‌స్టాల్ మొదలైంది. ‘డిస్క్ మొత్తం చెరిపేసి మింట్ వెయ్యి’ అన్నదాన్ని మా ఆయన ఎంత గట్టిగా నొక్కారంటే పొత్రం కదిలింది. సగంలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది గానీ దాని లైను ఆ గది ప్లగ్గుకి లేదు. మళ్లీ పెన్సిలు, మళ్లీ “ఇప్పుడు!”. సాయంత్రానికి పూర్తయ్యాక గది బయటికి వచ్చి, “జారా వచ్చేసింది” అని ప్రకటించారు.

“ఎవరా జారా?” అన్నాను.

మింట్‌లో ఒక్కో వెర్షనుకీ ఒక్కో ఆడపేరు పెడతారుట. మొదటిది, 2006లో వచ్చినది, ఆడా. ఇప్పుడు మేం వేసిన 22.2 జారా. ఎవరు పెట్టినా ఆడవాళ్ల పేర్లు పెట్టారంటే పని చేస్తుందన్న నమ్మకం ఉండే ఉంటుంది. వైఫై మాత్రం పట్టలేదు. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, ఆ నెట్‌తో డ్రైవర్ అనే ప్రోగ్రాం దించుకుంటే దారికొచ్చింది. ఈ ముక్క పై వాటా కుర్రాడిని మెట్ల మీద ఆపి, ఎవరో స్నేహితుడి సమస్య అన్నట్టుగా అడిగి తెలుసుకున్నారు.

అంతా బాగుందనుకుంటుండగా మామగారు, “ఏదీ, నా శతకం ఒకసారి చూపించు, డెబ్భై మూడో పద్యంలో రెండో పాదం మార్చాలి” అన్నారు. హార్డ్ డిస్కు పెట్టారు. శతకం ఉంది. నొక్కితే తెరుచుకోలేదు. సైజు ఒక్క కేబీ. అది శతకం కాదు, శతకానికి దారి చూపించే షార్ట్‌కట్. దారి భద్రంగా ఉంది, ఊరు లేదు.

ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత మా ఆయన అన్న మాట ఆయన జాతకంలో రాసిపెట్టి ఉండాలి. “పోతే పోయింది నాన్నా, మళ్లీ రాసుకోవచ్చులే.”

“మళ్లీ రాసుకోవడానికి అదేమన్నా సరుకుల చీటీట్రా?” మామగారి కర్ర నేల మీద టకటకలాడింది. “అమ్మాయ్, ఆ పై వాటా కుర్రాణ్ణి పిలు!”

వద్దంటే వద్దని మా ఆయన అడ్డం పడ్డారు. ఫార్మాట్ చేసినవి బ్రహ్మ కూడా తేలేడన్నారు. ఆ కుర్రాడికి పరీక్షలన్నారు. నేను అప్పటికే మెట్లెక్కేశాను.

కుర్రాడు వచ్చి విషయం విని నవ్వాడు. “ఏం పోలేదు తాతగారూ. ఫార్మాట్ చేస్తే ఏ ఫైలు ఎక్కడుందో రాసుకున్న పట్టిక పోతుంది. ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి, వాటి మీద ఇంకోటి రాసేదాకా. డిస్కు 500 జీబీ, మింట్ తీసుకున్నది అందులో కొంచెమే.” మా ఆయన మొహం ఆ మాటకి ఎలా మారిందో అప్పుడు నేను పట్టించుకోలేదు. తండ్రిని కష్టపెట్టానన్న బాధ అనుకున్నాను.

ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంని రాత్రంతా నడిపాడు. పొద్దున్నకి వేల కొద్దీ ఫైళ్లు హార్డ్ డిస్కులో కుప్ప పడ్డాయి. పేర్లు మాత్రం లేవు, అన్నిటికీ నెంబర్లే. ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాల్సిందే. మామగారు కుర్చీ జరుపుకుని కుర్రాడి పక్కన కూర్చున్నారు, నేను కాఫీలిచ్చి వెనక నిలబడ్డాను, మా ఆయన మాటిమాటికీ, “ఇక చాల్లే బాబూ, కళ్లు నొప్పులు పుడతాయి” అంటున్నారు.

ఒక ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, తలకిందులైన ప్రశ్నార్థకాలు. “చూశావా, పాడైపోయింది, మూసెయ్” అన్నారు మా ఆయన ఆశగా. కుర్రాడు మూయలేదు. “ఇది పాతకాలపు ‘అను’ తెలుగు ఫాంట్లలో కొట్టింది అంకుల్, ఆ ఫాంటు లేకపోతే ఇలాగే కనిపిస్తుంది.” యూనికోడ్‌లోకి మార్చే సదుపాయం ఒకటి వెతికి అందులో పడేశాడు. శతకం తెలుగులో లేచి కూర్చుంది. మామగారు మొదటి పద్యం పైకి చదివి ఆగి, “మూడో పాదంలో యతి తప్పింది. మీ యంత్రం చెడగొట్టింది” అన్నారు. యంత్రమే చెడగొట్టిందో, మొదట్నుంచీ అంతేనో ఆ శతకాన్నే అడగాలి.

శతకం దొరికింది కాబట్టి అక్కడితో ఆగిపోవచ్చు. చేతిలో మౌస్ ఉన్న కుర్రాడు ఆగుతాడా? ఇంకోటి తెరిచాడు. ఎక్సెల్ పట్టిక. పైన అడ్డంగా తేదీ, రకం, టిక్కీలు, కొన్న ధర, కోల్డ్ స్టోరేజీ అద్దె.

“అంకుల్, మీకు మిర్చి వ్యాపారం కూడా ఉందా?”

ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డు మాదని చెప్పుకునే ఊరు ఇది. ఇక్కడ పుట్టిన మగాడికి ఎప్పుడో ఒకప్పుడు నాలుగు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కొని కోల్డ్ స్టోరేజీలో పడేసి, రేటు పెరిగాక అమ్ముదామన్న బుద్ధి పుట్టకపోతేనే ఆశ్చర్యం. మా ఆయనకి పుట్టలేదని నేను నలుగురిలో గొప్పగా చెప్పుకునేదాన్ని. పట్టికలో తేజ రకం, అరవై టిక్కీలు. 2016లో కొన్న క్వింటాలు ధర ఐదంకెల్లో ఉంది. 2017లో అమ్మిన ధర నాలుగంకెల్లో ఉంది. ఆ ఏడాది మిర్చి రేటు ఎలా కుప్పకూలిందో గుంటూరులో ఎవరికీ చెప్పక్కర్లేదు. రైతులు యార్డు ముందు కంటతడి పెట్టారు. మా ఆయన గదిలో తలుపేసుకుని ఎక్సెల్‌లో పెట్టారన్నమాట.

నాకు ఇంకోటి గుర్తొచ్చింది. 2017లోనే కదా, నాకు గాజులు చేయిస్తానన్నవారు ఉన్నట్టుండి, “బంగారం మరీ పెరిగిపోయింది, కాస్త తగ్గాక చూద్దాం” అన్నది! అప్పుడు పది గ్రాములు ముప్పై వేలకి అటూ ఇటూగా ఉండేది. ఇప్పుడు లక్ష దాటింది. ఆ తగ్గేది ఎప్పుడో తగ్గాలని నేను ఇంకా ఎదురుచూస్తున్నాను.

అరండల్‌పేట షాపు వద్దన్నదీ, కుర్రాణ్ణి రానివ్వనిదీ, పోతే పోయిందిలే అన్నదీ అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. మామగారు ఏమీ అనలేదు. పట్టికని కింది వరకూ చూసి, “కొన్నది తేజ, మిగిలింది నిస్తేజం” అని మాత్రం అని, శతకం ప్రింటు తీయించమని లేచి వెళ్లారు. కుర్రాడికి తనేం చేశాడో అప్పటికి తెలిసొచ్చినట్టుంది, “క్లాసుంది ఆంటీ” అన్నాడు. ఆ రోజు ఆదివారం.

వెళ్తూ వెళ్తూ ఒక మంచిమాట చెప్పి వెళ్లాడు. డిస్కుని ఇలాగే ఇచ్చేస్తే తెనాలిలో ఇంకెవరైనా ఇవన్నీ తవ్వి తీయొచ్చు, అందుకని మొత్తం మీద ఒకసారి సున్నాలు రాయించాలి, కొన్ని గంటలు పడుతుంది, ఆ తర్వాత మింట్ మళ్లీ వేసుకోవచ్చు అని. ఆ పని నేనెక్కడ ఆపేస్తానో అని మా ఆయన ఆ ఆదేశం తనే టైపు చేశారు. అరవై టిక్కీల లెక్క మీద సున్నాలు పడ్డాయి. వాటికది కొత్తేం కాదు.

మేనల్లుడు వచ్చి లాప్‌టాప్ తీసుకెళ్లాడు. మర్నాడే ఆడపడుచు ఫోన్, వెలగట్లేదు వదినా అని. కాస్త ఎడమకి వంచి పైకెత్తమన్నాను. అగ్గిపెట్టె, రబ్బరు బ్యాండు ఇచ్చి పంపాం గానీ పొత్రం ఎవరిస్తారు?

సున్నాలు మొదలవకముందే ఆ పట్టికని నా ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను. మొన్న లక్ష్మీపురంలో చీరల షాపులో బిల్లు చూసి కూడా మా ఆయన నోరెత్తలేదు. నెంబరు తప్ప పేరు లేని ఫైలు కాబట్టి దానికి నేనే ఒక పేరు పెట్టాను. ‘ఇన్సూరెన్స్’.