పుదుపేట గేర్‌బాక్స్ కన్నా విప్పి చూసుకున్నదే నయం

నెల్లూరు ఆటోనగర్‌లో గానీ ఒంగోలు షెడ్లలో గానీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పోయిన కారు ఆగిందంటే, యజమానికి తరచుగా వినిపించే సలహా ఒక్కటే: 'ఇది విప్పితే తేలదు సార్, చెన్నైలో పాత కార్ల విడిభాగాలు అమ్మే పుదుపేటలో మంచి పీసు దొరుకుతుంది, తెచ్చి ఎక్కించేద్దాం.' కొత్త అసెంబ్లీకి షోరూంవారు చెప్పే ధర పదేళ్ల కారు యజమానికి మింగుడుపడేది కాదు కనుక ఈ సలహా సబబుగానే తోస్తుంది. అయినా ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా అందుకునే టార్క్ కన్వర్టర్ రకం గేర్‌బాక్స్ విషయంలో, ఓపిక, శుభ్రమైన చోటు, ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ ఉన్నవారు ఎవరి కారులోదో తెలియని పెట్టెను కొనడం కన్నా తమదాన్ని తామే విప్పి బాగుచేసుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది కాబట్టి పాత ఇంజిన్ కొన్నా దాని పుట్టుపూర్వోత్తరాలు కొంతైనా ఆరా తీయవచ్చు; గేర్‌బాక్స్ వివరం ఆర్‌సీకి ఎక్కదు. 2015 వరదల్లోనూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకూ చెన్నైలో ఎన్ని కార్లు మునిగాయో చూశాం. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు దగ్గర జాతీయ రహదారే తెగింది. అంగడిలో దొరికే పెట్టె అలా మునిగిన కారుదే కావచ్చు. అలాంటి కారులో గాలి గొట్టం గుండా నీరు గేర్‌బాక్సులోకి దిగుతుంది. లోపలి క్లచ్‌లలో ఒరుసుకుని పట్టు ఇచ్చే ఫ్రిక్షన్ ప్లేట్ల మీది పొర కాగితపు పీచుతో తయారై, ఉక్కు రేకుకు జిగురుతో అతికి ఉంటుంది. నీరు తగిలితే అది ఉబ్బి, క్రమంగా ఊడుతుంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే విషయం తెలిసిపోతుంది గానీ, అంగడికి వచ్చే పెట్టెలో చాలాసార్లు ఆయిలే ఉండదు.

అసలు గేర్‌బాక్స్ దింపాలా అన్నది ముందు తేలాలి. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం విప్పి, లోపలి అయస్కాంతాన్ని వేలితో తుడిస్తే చాలా సంగతులు తెలుస్తాయి. మెత్తని బూడిదరంగు ముద్ద ఉండటం సహజమే. వేలికి గుచ్చుకునే లోహపు రవ్వలు, మాడు వాసనతో నల్లబడిన ఆయిల్ కనిపిస్తే మాత్రం పెట్టె దింపక తప్పదు. పళ్లెం శుభ్రంగానే ఉండి గేరు మారేటప్పుడు మాత్రమే కుదుపు వస్తుంటే ఆయిల్ దారిని కరెంటుతో తెరిచి మూసే సొలెనాయిడ్‌నో, ఆయిల్‌ను క్లచ్‌లకు పంచే వాల్వ్ బాడీనో అనుమానించాలి. చాలా మోడళ్లలో వాటిని పెట్టె దింపకుండానే మార్చవచ్చు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా పుదుపేట బయలుదేరేవారే ఎక్కువ.

విప్పిన తరువాత కావలసింది కండబలం కాదు, శుభ్రత. మన షెడ్లలో చేతికి అందే బనియన్ వేస్ట్ ఇక్కడ పనికిరాదు; దాని పీచు ఒక్క పోగు వాల్వ్ బాడీలో చిక్కినా గేరు పడదు. కొత్త ప్లేట్లను ఆయిల్‌లో నానబెట్టి, ఒక్కొక్క క్లచ్ ప్యాక్ (ప్లేట్ల దొంతర) సందును ఫీలర్ గేజ్ అనే పలుచని కొలత రేకులతో కొలిచి, వాల్వ్ బాడీలోని చిన్న గుండ్లైన చెక్ బాల్స్ జారకుండా కాస్త వాజలీన్ అద్ది, చివరకు గాలి పట్టి పిస్టన్ కదులుతున్న చప్పుడు వినాలి. వేసవి వడగాలికి దుమ్ము లేచే పగటిపూట ఆరుబయట చేయదగిన పని కాదిది.

స్వయంకృషికీ హద్దుంది. టార్క్ కన్వర్టర్ వెల్డింగ్ చేసి మూసినది; కోసి, బాగుచేసి, తిరిగి బ్యాలెన్స్ చేసే యంత్రాలు ఇంట్లో ఉండవు కనుక దాన్ని మాత్రం కొనాల్సిందే. బెల్టుతో నడిచే సీవీటీ, రెండు క్లచ్‌లుండే డ్యూయల్ క్లచ్ రకాల జోలికి ఇంట్లో పోకపోవడమే మంచిది. 2014లో మారుతి సెలెరియోతో మన దేశానికి వచ్చిన ఏఎంటీ, అంటే క్లచ్‌నూ గేర్లనూ తానే మార్చే రకం, నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. దానికి క్లచ్ పని తెలిసిన మెకానిక్, స్కానర్ ఉంటే చాలు.

కొన్నా, బాగుచేసుకున్నా తప్పనివి రెండున్నాయి. పాత పెట్టె అరిగి రాల్చిన లోహపు పొడి ఆయిల్ కూలర్‌లో దాగి ఉంటుంది. దాన్ని కడగకుండా, లేదా మార్చకుండా ఎక్కిస్తే ఆ పొడి తిరిగి కొత్త ప్లేట్లలోకే చేరుతుంది. రెండోది, కన్వర్టర్‌ను మెల్లగా తిప్పుతూ, పంపులోకి పూర్తిగా దిగేవరకు కూర్చోబెట్టాలి. పూర్తిగా దిగకుండానే బోల్టులు బిగించి గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కు లాగితే పంపు పగులుతుంది, పెట్టెను మళ్లీ దింపాల్సి వస్తుంది.